బానిస మనవడు రాసిన వంటల నిఘంటువు

1986లో చిరంజీవి నటించిన 'వేట' సినిమాను మన పల్లెల్లో పెద్దవాళ్ళు కొందరు ఇంకా గుర్తు చేసుకుంటారు. నమ్మినవాళ్ళే కుట్ర చేసి జైలుపాలు చేస్తే, తిరిగొచ్చి ఒక్కొక్కరి లెక్క తేల్చే మనిషి కథ. దానికి మూలం 'కౌంట్ ఆఫ్ మాంట్ క్రిస్టో' అనే ఫ్రెంచి నవల. రాసినవాడు అలెగ్జాండర్ డ్యూమా. 'త్రీ మస్కటీర్స్' రాసింది కూడా ఇతనే. పిల్లల బొమ్మల కథల్లో, సినిమాల్లో ఈ పేర్లు మనకు తగులుతూనే ఉంటాయి. తగలని సంగతులు రెండున్నాయి. ఒకటి, ఇతని నాయనమ్మ ఒక బానిస. రెండోది, వందల సంపుటాల నవలలూ నాటకాలూ రాసిన ఈ మనిషి చివరి రోజుల్లో కూర్చుని రాసిన పెద్ద పుస్తకం వంటల గురించి. ఈ రెండు సంగతుల్నీ కలిపి చదవాలని మా కోరిక. విడివిడిగా చదివితే మొదటిది జాలి కథ అవుతుంది, రెండోది తిండిపోతు కథ అవుతుంది.

నాయనమ్మ దగ్గర మొదలుపెడదాం. ఆమె పేరు మరీ సెసెట్ డ్యూమా. ఇప్పుడు హైతీ అని పిలుస్తున్న దేశం ఆ రోజుల్లో సాన్ డొమింగ్ అనే ఫ్రెంచి వలస. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన మనుషుల చేత అక్కడ చెరకు, కాఫీ పండించేవారు. 1780లలో యూరప్ వాడే పంచదారలో సుమారు 40 శాతం, కాఫీలో సగానికి పైగా ఆ ఒక్క దీవి భాగం నుంచే వెళ్ళేది. పారిస్‌లో ఎవరు తియ్యటి పిండివంట కొరికినా అందులో ఆ తోటల చెమట ఉండేదన్న మాట. ఆ దీవిలో తోట పెట్టుకున్న ఒక ఫ్రెంచి దొర, ఆంత్వాన్ దావీ ద లా పయ్యెత్రీ, మరీ సెసెట్‌ను కొనుక్కున్నాడు. ఆమెకు అతని వల్ల పిల్లలు పుట్టారు. వారిలో ఒకడు తోమా అలెగ్జాండర్, 1762లో పుట్టాడు. మన రచయితకు తండ్రి.

మరీ సెసెట్ ఏం తిన్నది, పిల్లలకు ఏం వండి పెట్టింది? ఆమె వంట గురించి ఎవరూ ఏమీ రాయలేదు. కాని ఆమె లాంటివాళ్ళు ఎంత తినాలో మాత్రం రాజుగారు రాశారు. 1685లో పద్నాలుగో లూయీ పేరుతో వచ్చిన 'నల్లవారి చట్టం' 22వ నిబంధన చూడండి. పదేళ్ళు దాటిన బానిసకు వారానికి రెండున్నర కొలతల కర్రపెండలం పిండి, లేదా రెండున్నర పౌన్లకు తగ్గని మూడు కర్రపెండలం రొట్టెలు. వాటితో పాటు రెండు పౌన్ల ఉప్పు గొడ్డుమాంసం, లేదా మూడు పౌన్ల చేప. మనకు తెలిసిన లెక్కలో, దాదాపు కిలో మాంసం లేదా కిలోన్నర చేప. పాలు మరిచిన బిడ్డ నుంచి పదేళ్ళ బిడ్డ దాకా ఇందులో సగం. ఆ తరువాతి నిబంధన ఇంకా గమనించదగ్గది. తిండికి బదులు చెరకు సారా ఇవ్వకూడదు అని అది చెబుతుంది. అట్లా ఇచ్చేవాళ్ళు లేకపోతే ఆ మాట చట్టంలోకి ఎందుకు ఎక్కుతుంది? ఏజెన్సీలో సారా చరిత్ర తెలిసినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ కొలతను కూడా తోటల యజమానులు సరిగా ఇవ్వలేదు. కొండ చరువులో చిన్న చెక్క చూపించి, పండించుకు తినమనేవారు. రోజంతా దొర చేలో పని, మిగిలిన పొద్దులో సొంత మడి. అక్కడ చిలగడదుంపలు, పెండలం, అరటి వేసుకునేవారు. అంటే అక్కడ ఒక వంట ఉంది, ఒక రుచి ఉంది, ఏ ఆకు దేనికి పనికొస్తుందో తెలిసిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళ చేతివంటను ఆ కాలపు దొరల కాగితాలు పట్టించుకోలేదు. వాటికి కావలసింది కొలత. ఈ తేడాను పాఠకులు మనసులో పెట్టుకోవాలి. మనం మళ్ళీ దీని దగ్గరికి రావాలి.

ఆంత్వాన్ దొరకు 1775 ప్రాంతంలో స్వదేశం వెళ్ళాలనిపించింది. ప్రయాణం ఖర్చు కోసం కన్న కొడుకును, మళ్ళీ విడిపించుకునే షరతు మీద, ఓడ కెప్టెన్‌కు అమ్మాడు. మరుసటి ఏడు డబ్బు కట్టి ఫ్రాన్స్‌కు రప్పించుకున్నాడు. తక్కిన పిల్లల్ని విడిపించలేదు. తల్లి ఏమైందన్న దాని మీద రెండు మాటలున్నాయి. ఆమె 1772లోనే చనిపోయిందని మనవడు తన జ్ఞాపకాల్లో రాశాడు. ఆమెను కూడా పిల్లలతో పాటు అమ్మేశారని ఆ కాలపు ఉత్తరం ఒకటి చెబుతుంది. చరిత్రలో పేదవాళ్ళ చావుకు కూడా ఇట్లా రెండు లెక్కలుంటాయి.

ఫ్రాన్స్ వచ్చిన తోమా కొన్నాళ్ళు దొరబిడ్డలాగే చదువు, కత్తిసాము నేర్చుకున్నాడు. 1786లో మామూలు సిపాయిగా గుర్రపుదళంలో చేరతానంటే, మా వంశం పేరు సిపాయి పట్టీలోకి ఎక్కడానికి వీల్లేదన్నాడు తండ్రి. అప్పుడు ఆ యువకుడు తల్లి ఇంటిపేరు రాయించుకున్నాడు: డ్యూమా. ఏడేళ్ళు తిరిగేసరికి, ఫ్రెంచి విప్లవ సైన్యంలో, 1793లో జనరల్ అయ్యాడు. ఆల్ప్స్ మంచుకొండల్లో సైన్యాన్ని నడిపాడు. ఈజిప్టు దండయాత్రలో నెపోలియన్‌తో మాట పడక తిరుగు ప్రయాణమయ్యాడు. దారిలో ఓడ దెబ్బతిని ఇటలీ దక్షిణాన దిగితే అక్కడి రాజ్యం వాళ్ళు రెండేళ్ళు ఖైదులో పెట్టారు. తిండిలో విషం కలిపారని ఆయన నమ్మాడు. 1801లో బయటపడేనాటికి మనిషి గుల్ల అయిపోయాడు. 1802 మే నెలలో నెపోలియన్ ఫ్రెంచి వలసల్లో బానిసత్వాన్ని చట్టబద్ధం చేశాడు. అదే ఏడు జూలై 24న జనరల్‌కు కొడుకు పుట్టాడు. 1806లో కడుపులో క్యాన్సరుతో జనరల్ పోయాడు. భార్యకు పింఛను రాలేదు. బిడ్డకు ఇంకా నాలుగేళ్ళు నిండలేదు.

ఆ బిడ్డ పెరిగిన ఊరు విలేర్ కొత్రే. పారిస్‌కు 80 కిలోమీటర్ల దూరం. ఊరి చుట్టూ రెట్జ్ అనే పెద్ద అడవి. తల్లి తరఫు తాత అక్కడ పూటకూళ్ళ సత్రం నడిపినవాడు. తల్లి తరువాత పొగాకు దుకాణం పెట్టుకుని సంసారం లాగింది. పిల్లవాడికి బడి పెద్దగా అంటలేదు. అడవి అంటింది. దొంగచాటు వేటగాళ్ళు అతనికి గురువులు. నీటి గుంటల దగ్గర జిగురు పుల్లలు పెట్టి పిట్టల్ని పట్టడం, ఉచ్చులు వేయడం, జాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పడం నేర్చుకున్నాడు. మర్రిపాలతో జిగురు వండిన మన పిల్లలకు ఇది ఫ్రాన్స్ కథలా అనిపించదు. ఆ అడవి రాజకుటుంబీకులది, పట్టుబడితే శిక్ష. ఆ ముక్క కూడా మనకు కొత్త కాదు.

ఒక సంగతి అతనే జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. తల్లి అతన్ని పాదిరీల బడికి పంపాలనుకుంది. కావలసినవన్నీ సర్దింది, సిరాబుడ్డి ఒక్కటి తక్కువైంది. కొనుక్కోమని చిల్లర ఇచ్చింది. కుర్రాడు ఆ డబ్బుతో రొట్టె, సాసేజీ కొనుక్కుని అడవిలోకి పోయాడు. మూడు రోజులు వేటగాడి దగ్గర పిట్టలు పడుతూ ఉండిపోయాడు. పాదిరీల బడి ఊసు అంతటితో సరి. తరువాత తన జీవితంలో అతను ఖర్చు పెట్టిన సిరా చెరువులంత. కాని మొదటి సిరాబుడ్డి డబ్బు తిండికే పోయింది.

ఇరవై ఏళ్ళ వయసులో పారిస్ చూడబోయాడు. జేబులో డబ్బులేదు. స్నేహితుడూ తనూ ఒక్క గుర్రం, ఒక తుపాకి పట్టుకుని, వంతులవారీగా ఒకరు స్వారీ, ఒకరు వేట. దారిలో కొట్టిన కుందేళ్ళు, కౌజుపిట్టలు ఇచ్చి సత్రంలో బసకు, భోజనానికి చెల్లు వేసుకున్నారు. మరుసటి ఏడు, 1823లో, ఉద్యోగం కోసం వెళ్ళినప్పుడు తండ్రి పాత స్నేహితులు చాలామంది మొహం చాటేశారు. ఒక్క జనరల్ ఫోయ్ మాత్రం కూర్చోబెట్టి, నీకేం వచ్చు అని అడిగాడు. లెక్కలు రావు, లాటిన్ అంతంతమాత్రం, చట్టం తెలియదు. చివరికి చిరునామా రాసి ఇవ్వమంటే రాశాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది. ఆ చేతిరాత మీదే ఓర్లియాన్ ప్రభువు కచేరీలో ఏడాదికి 1200 ఫ్రాంకుల రాతగాడి కొలువు దొరికింది. నాలుగు గీతల కాపీ రాయమంటే విసుక్కునే పిల్లలకు ఉపాధ్యాయులు ఈ కథ చెప్పుకోవచ్చు.

పగలు కాపీ రాత, రాత్రి చదువు, నాటకాలు. 1829 ఫిబ్రవరిలో 'మూడో హెన్రీ, అతని కొలువు' అన్న నాటకం పారిస్ ప్రధాన రంగస్థలం మీద ఆడి పేరు తెచ్చింది. ఆ తరువాతి దశాబ్దంలో పత్రికల రూపం మారింది. చందా తగ్గించి, కింది భాగంలో నవలను ముక్కలుముక్కలుగా వేసి, రేపు ఏమవుతుందో అని జనం ఎదురుచూసేట్టు చేశారు. మన వారపత్రికల్లో సీరియళ్ళకు ఇదే తాత. 1844లో 'త్రీ మస్కటీర్స్' అట్లా వచ్చింది. అదే ఏడు మొదలై 1846 జనవరిలో 'మాంట్ క్రిస్టో' ముగిసింది. ఒగుస్త్ మాకే అనే చరిత్ర చదువుకున్న మనిషి కథలకు ముడిసరుకు, మొదటి చిత్తు ఇచ్చేవాడు. డ్యూమా దాన్ని తిరగరాసి ప్రాణం పోసేవాడు. తరువాత ఇద్దరికీ చెడి 1858లో కోర్టు దాకా వెళ్ళింది. మాకేకు డబ్బు దక్కింది, పుస్తకం మీద పేరు దక్కలేదు. మాకు ఇందులో మాకే పక్షాన కొంత న్యాయం ఉందనే అనిపిస్తుంది.

ఆ నవలల్లో తిండిని గమనించారా? మస్కటీర్లు ఎప్పుడూ ఆకలి మీదే ఉంటారు, ఎప్పుడూ ఎవరో ఒకరి బల్ల దగ్గర చేరతారు. ముట్టడి మధ్యలో, రహస్యం మాట్లాడుకోవడానికి వేరే చోటు లేక, తుపాకి గుళ్ళ కింద బురుజు మీదికెక్కి పొద్దుటి భోజనం చేస్తారు. 'మాంట్ క్రిస్టో'లో మరీ లోతుగా ఉంది. కొడుకు జైల్లో ఉండగా ముసలి తండ్రి తిండి లేక ఇంట్లో చనిపోతాడు. కొడుకు ధనవంతుడై తిరిగొచ్చాక విందుకు ఎక్కడెక్కడి నదుల చేపలనో తెప్పించి శత్రువుల కళ్ళు చెదరగొడతాడు. కాని అసలు శత్రువు ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం ఏమీ ముట్టుకోడు. ఒకప్పుడు తను పెళ్ళాడవలసిన స్త్రీ, ఇప్పుడు శత్రువు భార్య, తన చేత్తో ద్రాక్షపండ్లు కోసి ఇస్తుంది. తీసుకోడు. ఒక ఇంటి ఉప్పు తింటే ఆ ఇంటి మీద చెయ్యెత్తకూడదు. ఈ నీతి డ్యూమా అరబ్బుల ఆచారంగా రాశాడు. తెలుగులో 'ఉప్పు తిన్న విశ్వాసం' అంటున్నాం. ఎవరి ఇంట నీళ్ళు తాగితే చుట్టరికం, ఎవరి ఇంట తాగకపోతే పగ అన్నది తెలిసిన మన పల్లెల్లో ఆ ద్రాక్షపండ్ల ఘట్టం చదివి వినిపిస్తే అర్థం విప్పి చెప్పే పని ఉండదు.

పేరు పెరిగేకొద్దీ పుట్టుకను ఎత్తిపొడవడం కూడా పెరిగింది. 1845లో యూజెన్ ద మీర్కూర్ అనేవాడు డ్యూమాది నవలల కార్ఖానా అంటూ చిన్న పుస్తకం అచ్చు వేశాడు. మాకే విషయంలో విమర్శ చేయడానికి చోటుంది, ఒప్పుకుంటాం. అతను అక్కడ ఆగలేదు. జుట్టును, చర్మాన్ని, నాయనమ్మ జాతిని పట్టుకుని వెక్కిరించాడు. డ్యూమా కోర్టుకు వెళితే అతనికి జైలు శిక్ష పడింది. ఇక్కడ భాషలో ఒక విడ్డూరం ఉంది. ఒకరి కోసం చాటున రాసిపెట్టే మనిషిని ఫ్రెంచివాళ్ళు నల్లజాతి బానిసను పిలిచే మాటతోనే పిలిచేవారు. బానిస మనవడి దగ్గర 'బానిసలు' పనిచేస్తున్నారని నవ్వుకోవడానికి పారిస్‌కు అది చక్కగా కుదిరింది. బాగా రాసే ఆదివాసీ పిల్లవాడిని చూసి 'ఎవరు రాసిచ్చారు?' అని అడిగేవాళ్ళను మనం చూడలేదా? రంగు సంగతి డ్యూమా సూటిగా రాసిన నవల 'జార్జ్', 1843లో వచ్చింది. మారిషస్ దీవిలో మిశ్రమ రక్తపు యువకుడు తెల్లవారి అహంకారాన్ని ఎదిరించే కథ. మస్కటీర్లను చదివినంతగా లోకం దాన్ని చదవలేదు.

సంపాదించినంతా ఇంటికి పెట్టాడు. 1847లో పారిస్ దగ్గర 'మాంట్ క్రిస్టో' పేరుతోనే కోట లాంటి ఇల్లు కట్టి వందలాది మందిని పిలిచి గృహప్రవేశం చేశాడు. ఎవరొచ్చినా భోజనం. పిలిచినవాళ్ళూ పిలవనివాళ్ళూ కూర్చున్నారు. మరుసటి ఏడు విప్లవం వచ్చి, పత్రికలు, నాటకశాల రాబడి పడిపోయింది. 1849లో ఇల్లు అమ్ముడైపోయింది. 1851లో అప్పులవాళ్ళకు, మారిన ప్రభుత్వానికి దూరంగా బ్రస్సెల్స్ చేరాడు. నిలవ పెట్టడం అనేది ఆ మనిషికి చేతకాలేదు. మా పెద్దవాళ్ళలో కూడా ఇట్లాంటివాళ్ళున్నారు. ఇప్పపువ్వు కాలంలో ఊరంతటినీ కూర్చోబెట్టి, ఆషాఢంలో పక్కింట్లో గింజలు బదులడిగేవాళ్ళు.

తిరగడం మాత్రం ఆపలేదు. స్పెయిన్, అల్జీరియా, రష్యా. స్పెయిన్ సత్రాల్లో వంట నచ్చక తనే పొయ్యి దగ్గర నిలబడ్డాడు. 1858-59లో రష్యా గుండా కాకసస్ కొండలకు వెళ్ళి, గొర్రెమాంసం ముక్కల్ని ఊరబెట్టి ఊచకు గుచ్చి నిప్పుల మీద కాల్చే షష్లిక్ నేర్చుకుని, ఫ్రాన్స్ అంతటికీ దాని గురించి రాశాడు. కొండ మనుషుల వంటను చిన్నచూపు చూడలేదు. అంతకు చాలా ముందు, స్విట్జర్లాండ్ ప్రయాణం పుస్తకంలో, మార్తిని ఊరి సత్రంలో ఎలుగుబంటి మాంసం తిన్నానని రాశాడు. తింటుండగా సత్రం యజమాని, ఈ ఎలుగు తనను కాల్చిన వేటగాడిని సగం తిన్నదే అన్నాడట. పుస్తకం చదివిన యాత్రికులంతా ఆ సత్రానికి పోయి ఎలుగు మాంసం అడగడం మొదలుపెట్టారు. సత్రం మనిషికి డ్యూమా పేరు వింటేనే ఒళ్ళు మండేది. కథ ఎక్కువ, ఎలుగు తక్కువ అని తరువాత అందరికీ అర్థమైంది. డ్యూమా రాసిన తిండి కబుర్లను ఎట్లా చదవాలో ఈ ఒక్క సంగతి నేర్పుతుంది.

1869లో ఆరోగ్యం బాగాలేక బ్రిటనీ తీరంలోని రోస్కోఫ్ అనే పల్లెకారుల ఊరు చేరాడు. అక్కడ చేపలకు కొదవలేదు. ఎన్నేళ్ళుగానో రాస్తానంటున్న వంటల నిఘంటువుకు అక్కడ కూర్చున్నాడు. తన రచనలన్నిటికీ అది ముగింపు పుస్తకం కావాలనీ, తక్కినవి పోయినా అది మిగలాలనీ అతని ఆశ. వినేవాళ్ళు నవ్వి ఉంటారు. 1870 మార్చిలో రాతప్రతి లెమేర్ అనే ప్రచురణకర్త చేతికి వెళ్ళింది. జూలైలో ప్రష్యాతో యుద్ధం వచ్చింది. డిసెంబరు 5న, దియెప్ రేవు దగ్గర కొడుకు ఇంట్లో, డ్యూమా చనిపోయాడు. లెమేర్ దగ్గర పనిచేస్తున్న కుర్రవాడు అనతోల్ ఫ్రాన్స్ (1921లో నోబెల్ అందుకున్నది ఇతనే), కవి లెకోంత్ ద లీల్ ప్రతిని సరిచూశాక 1873లో పుస్తకం వచ్చింది. వెయ్యి పేజీలు దాటిన బరువైన సంపుటం.

అందులో ఏముంది? అక్షరక్రమంలో కూరలు, చేపలు, మాంసాలు, పిండివంటలు. ప్రతి పేరు దగ్గరా కథ. ఎలుగు పాదం, ఏనుగు పాదం, కంగారూ కూడా ఉన్నాయి. ఏనుగు పాదం వండమని చదివినవాళ్ళలో ఎవరి ఇంట్లోనూ ఏనుగు ఉండి ఉండదు. తన కాలపు గొప్ప వంటవాళ్ళ పుస్తకాల నుంచి చాలా ఎత్తి రాశాడు. వియ్మో అనే స్నేహితుడు, అసలైన వంటవాడు, వంటకాలు ఇచ్చాడు. వెనక భాగంలో ఒక ఆవాల ముద్ద కంపెనీ కోసం పెద్ద వ్యాసం ఉంది. అది పచ్చి వ్యాపార ప్రకటన. కాబట్టి వంట నేర్చుకోవడానికి మేమైతే దీన్ని సిఫారసు చేయం. కొలతలు చాలాచోట్ల నమ్మదగ్గవి కావు.

అయితే అక్కడక్కడా అడవి కుర్రవాడు బయటికి తొంగిచూస్తాడు. కోడిని ఇనుప ఊచకు గుచ్చి కాల్చవద్దంటాడు. గుచ్చిన రెండు బొక్కల్లోంచీ రసం కారిపోతుంది. కాళ్ళకు తాడు కట్టి మంట ముందు వేలాడదీయాలి, అది తిరుగుతూ ఉడుకుతుంది, రసం లోపలే ఉంటుంది. ఇది రాజుల వంటింటి పద్ధతి కాదు, ఊచ కొనలేని ఇంటి పద్ధతి. మన వెదురు బొంగులో కోడి కూడా ఈ తెలివి నుంచే పుట్టింది. పాత్ర లేని చోట, రసం పోనివ్వకుండా, అడవిలో దొరికిన దానితో వండటం. ఇప్పుడది రోడ్డు పక్క హోటళ్ళలో మంచి ధరకు అమ్ముడవుతున్నది. ఎవరు కనిపెట్టారన్న ముక్క బోర్డు మీద ఉండదు.

ఇదే పుస్తకంలో ఇంకో కథ. నెపోలియన్ మంత్రి కాంబసెరెస్ విందుకు ఒకే రోజు రెండు పెద్ద స్టర్జన్ చేపలు వచ్చాయి. రెండూ పెడితే ఒకదాని గొప్ప ఒకటి తీసేస్తుంది. అందుకని మొదటిదాన్ని ఆర్భాటంగా మోసుకొస్తూ, అతిథులు చూస్తుండగా, కావాలనే కింద పడేశారు. అందరూ అయ్యో అన్నారు. దొర తొణక్కుండా రెండోది తెమ్మన్నాడు. డ్యూమా దీన్ని సరదాగా చెబుతాడు. మేం మాత్రం ఆ నేల మీది చేపను, నాయనమ్మల వారానికి మూడు పౌన్ల చేపను పక్కపక్కన పెట్టి చూశాం. ఆ మంత్రి ఏలికే బానిసత్వాన్ని మళ్ళీ తెచ్చినవాడు. విలేర్ కొత్రే ఇంట్లో పింఛను రాని విధవరాలు ఉన్నదీ ఆ రోజుల్లోనే.

మా బాధంతా ఇక్కడే. కొండ దేశాల ఊచ మాంసం రాశాడు, రోముల విందులు రాశాడు, రాజుల సాస్‌లు రాశాడు. తన ఇంటిపేరు ఇచ్చిన ఆడమనిషి కుండలో ఏం ఉడికిందో రాయలేకపోయాడు. తప్పు అతనిది కాదు. ఆమెను అతను చూడలేదు. చూసిన తండ్రి, కొడుకుకు నాలుగేళ్ళు నిండకముందే పోయాడు. ఒక్క తరం మధ్యలో తెగితే చాలు, వెయ్యి పేజీల నిఘంటువు రాయగలవాడికి కూడా నాయనమ్మ వంట దొరకదు.

మన వంట కూడా ఎక్కువగా ఇతరుల కాగితాల్లోనే ఉంది. హైమన్‌డార్ఫ్ గోదావరి ఒడ్డు కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో వేసిన పుస్తకంలో జీలుగు చెట్టు పిండి, మామిడి టెంకల తిండి ఉన్నాయి. ఆయన చేసింది మంచి పని. కాని బయటివాళ్ళు రాస్తే అది చాలామట్టుకు కరువు తిండిగానే కనబడుతుంది. టెంకల్ని ఎన్ని నీళ్ళలో ఎన్ని రోజులు నానబెడితే చేదు పోతుందో, ఏ దుంపను బూడిద వేసి ఉడికించకపోతే గొంతు దురదపెడుతుందో, కొత్తల పండగకు ముందు కొత్త గింజ ఎందుకు ముట్టరో, ఇవన్నీ ఒక చదువు. మా బడిలో ఏడో తరగతి పిల్లలకు సెలవుల్లో ఒక పని ఇస్తున్నాం. ఇంట్లో ముసలమ్మ దగ్గర కూర్చుని ఒక వంట రాసుకు రావాలి. పేరు ఇంటి భాషలోనే రాయాలి, తెలుగు పేరు లేకపోతే వదిలేయాలి. ఎవరు చెప్పారో కింద ఆమె పేరు రాయాలి. చివరి షరతు తప్పనిసరి. పిల్లలు తెచ్చినవాటిలో కొలతలు చేరెడు, దోసెడు, సోలెడు అనే ఉంటాయి. వాటిని గ్రాముల్లోకి మార్చం. ఎర్రచీమల పచ్చడి రాసిన పిల్ల మొదట సిగ్గుపడి కాగితం దాచుకుంది. రెండో ఏడు ఆమె తమ్ముడు దాచుకోకుండా చదివాడు.

డ్యూమాను ఫ్రాన్స్ చాలా కాలం పిల్లల రచయిత కింద లెక్క వేసింది. జనరల్ డ్యూమా విగ్రహం పారిస్‌లో ఒకటుండేది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కాలంలో దాన్ని కూల్చి లోహం కరిగించారు. యుద్ధం తరువాత చాలా కాలం విగ్రహం మళ్ళీ పెట్టలేదు. 2009లో ఆ కూడలిలో బానిసల కాళ్ళకు వేసే పెద్ద ఇనుప సంకెళ్ళ రూపాన్ని నిలబెట్టారు. రచయిత పుట్టి పెరిగిన విలేర్ కొత్రేలోనే 2014లో అప్పటి మేయరు బానిసత్వ నిర్మూలన దినాన్ని జరపనన్నాడు.

మధ్యలో 2002లో ఒక పని జరిగింది. పుట్టి రెండు వందల ఏళ్ళయిన సందర్భంగా డ్యూమా అస్థికలను ఊరి నుంచి పారిస్‌లోని పాంథియన్‌కు, జాతి మహనీయుల సమాధులుండే చోటుకు, తరలించారు. నవంబరు 30న, మస్కటీర్ల వేషంలో ఉన్న సైనికులు వెంట నడుస్తుండగా, నీలం మఖమల్ కప్పిన పేటిక వీధుల్లో వెళ్ళింది. ఈ పనితో ఒక అన్యాయాన్ని సరిదిద్దుతున్నామని అధ్యక్షుడు షిరాక్ ఆ రోజు సభలో అన్నాడు. విక్టర్ హ్యూగో, ఎమిల్ జోలా ఉన్న గదిలోనే మూడో సమాధి అతనిది. దాని మీద దావీ ద లా పయ్యెత్రీ అన్న దొరల ఇంటిపేరు లేదు. మరీ సెసెట్ ఇంటిపేరు ఉంది.